కేదార్‌కంఠ మంచుకు 18 వేలు చాలవు, 40 వేలు కావాలి

ప్రశ్న: మాది బల్లార్షా. చంద్రపూర్‌లో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. వయసు 27, జీతం 22,000. ఇంట్లో 9,000 ఇస్తాను. స్కూటీ ఈఎంఐ 2,700, పిగ్మీ (రోజువారీ పొదుపు) రోజుకు వంద, భిశీకి (చిట్టీకి) నెలకు 2,000 కడతాను. డిసెంబరు ఆఖరి వారంలో ఇద్దరు స్నేహితురాళ్లతో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ మంచు ట్రెక్‌కి వెళ్లాలని ఉంది. కంపెనీ ఫీజు 11,500, అన్నీ కలిపి 18,000 అవుతుందనుకుంటున్నాను. నాన్న భిశీ ఇప్పుడే పాడి డబ్బు తీసుకోమంటున్నారు. స్నేహితురాలు ఫోన్ యాప్‌లో 30,000 లోన్ తీసుకోమంటోంది. పత్‌సంస్థలో (సహకార పరపతి సంఘంలో) పిగ్మీ డబ్బు 38,000 ఏప్రిల్‌లో చేతికొస్తుంది. అది ముందే తీసేయనా? అసలు ఈ జీతానికి ఇలాంటి ఖర్చు తప్పా?

జవాబు: తప్పు కాదు, వెళ్లండి. నేనూ ఈ పక్కవాణ్నే, రాజురాలో పెరిగాను. మే నెలలో 46, 47 డిగ్రీల ఎండకి కూలర్ తడకల మీద నీళ్లు చల్లుకుంటూ బతికేవాళ్లకి మోకాలి లోతు మంచులో నడవాలని ఎందుకు అనిపిస్తుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే మీ లెక్కలో రెండు మార్పులు చెయ్యాలి. ఒకటి మొత్తం, రెండోది నెల.

ముందు మొత్తం సంగతి. కంపెనీ వాళ్లు ఆరు రోజుల ట్రెక్ అని రాస్తారు. అది డెహ్రాడూన్‌లో బండి ఎక్కిన దగ్గర్నుంచి లెక్క. బల్లార్షా వాళ్లకి అది పదకొండు రోజులు. ఇక్కడ రైలెక్కి ఢిల్లీ, అక్కడి నుంచి డెహ్రాడూన్, ఒక రాత్రి అక్కడ పడక, మర్నాడు తెల్లవారుజామున బయలుదేరితే సాయంత్రానికి నడక మొదలయ్యే ఊరు సాంక్రీ. నాలుగు రోజుల నడక, మళ్లీ అదే దారిన వెనక్కి. వీటికి తోడు చేతిలో ఒక రోజు అదనంగా ఉండాలి. ఎందుకో తర్వాత చెబుతాను.

ఫీజు 11,500. బల్లార్షా–ఢిల్లీ త్రీటైర్ ఏసీ రానుపోను సుమారు 3,200, ఢిల్లీ–డెహ్రాడూన్ 1,200, సాంక్రీకి షేర్ బండి రెండు వైపులా 2,800. డెహ్రాడూన్‌లో ముగ్గురూ కలిసి గది తీసుకున్నా రెండు రాత్రులకి మీ వంతు 1,600 వేసుకోండి. దారి తిండి 2,000. ఇక్కడికే 22,300 అయింది, ఇంకా బూట్లు కొనలేదు. బూట్లకి 4,000, లోపల వేసుకునే థర్మల్స్, ఉన్ని సాక్సులు, గ్లవ్స్, టోపీ, కళ్లద్దాలకి మరో 4,000, జాకెట్, బ్యాగు, కర్ర అద్దెకి 1,500. చేతిలో అదనంగా 4,000. మొత్తం 35,800. మీకు జీతంతో సెలవులు ఐదే మిగిలాయని ఉత్తరం చివర్లో రాశారు. ఆదివారం పోను మిగతా ఐదు రోజులకి జీతంలో కోత పడితే దాదాపు 3,700 పోతుంది. అదీ ట్రెక్ ఖర్చే. 39,500 అంటే నలభై వేలు అనుకోండి.

బూట్లు మాత్రం అద్దెకి తీసుకోకండి. సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, మందపాటి సాక్సులు వేసుకుని కొలత చూడండి. బూటు వేసుకుని మెట్ల మీద కిందికి దిగండి. బొటనవేలు ముందుకి తగిలిందా, ఆ సైజు వద్దు. కేదార్‌కంఠ శిఖరం 12,500 అడుగులు. దిగేటప్పుడు ఆ వేలే గంటల తరబడి దెబ్బ తింటుంది. నెల ముందే కొని రోజూ డ్యూటీకి అవే వేసుకెళ్లండి.

ఇక నెల. మీరు డిసెంబరు ఆఖరి వారం అంటున్నారు. క్రిస్మస్, కొత్త సంవత్సరం సెలవులకి దేశంలో సగం మంది సాంక్రీలోనే ఉన్నారా అనిపించేంత రద్దీ. పైగా డిసెంబరులో మంచు నమ్మకం తక్కువ. 2024 జనవరిలో గుల్మార్గ్ కొండలు మంచు లేక గోధుమ రంగులో బోసిపోయిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. ఆ ఏడాది మంచు జనవరి ఆఖరుకి గానీ రాలేదు. ఫిబ్రవరి రెండో వారం పెట్టుకోండి. మంచు దట్టంగా ఉంటుంది, జనం పలచబడతారు, మీకు ఒకటిన్నర నెల ఎక్కువ దొరుకుతుంది. ఈ ఒక్క మార్పుతోనే మీ అప్పు అవసరం తీరిపోతుంది.

అప్పుల సంగతి కూడా చూద్దాం. నాన్నగారి సలహా మంచి మనసుతో ఇచ్చిందే, కానీ లెక్క కుదరదు. మీ భిశీలో పన్నెండు మంది, పాట 24,000, డిసెంబరుతో ముగుస్తుంది. జూలైలో పాడితే 4,000 తగ్గించుకుని 20,000 అందుతుందని రాశారు. చివరిదాకా ఆగితే 24,000 పూర్తిగా మీదే. అంటే 20,000 ఐదు నెలల ముందు అందుకోవడానికి 4,000 కడుతున్నారు. మనవాళ్ల భాషలో చెప్పాలంటే నాలుగు రూపాయల వడ్డీ. వీధి చివర వడ్డీ వ్యాపారి అడిగినా మీరు ఇవ్వరు కదా.

యాప్ లోన్ స్క్రీన్‌షాట్ పంపారు. 30,000 లోన్‌లో ప్రాసెసింగ్ ఫీజు 1,200 పట్టుకుని చేతికిచ్చేది 28,800. నెలకి 2,950 చొప్పున పన్నెండు నెలలు, మొత్తం 35,400. మీ చేతి నుంచి పోయేది 6,600. మంచు కరిగిపోయాక, మళ్లీ మే ఎండలు వచ్చి పోయాక కూడా కిస్తీ కడుతూనే ఉంటారు. వద్దు.

పిగ్మీ జోలికి అసలు వెళ్లకండి. మీ ఇంటికి ఆపద వస్తే ఉన్న ఆసరా ఆ 38,000 ఒక్కటే. ఏప్రిల్‌లో చేతికొచ్చాక మాత్రం పత్‌సంస్థలోనే మళ్లీ పెట్టకుండా బ్యాంకు ఖాతాకి మార్చండి. బ్యాంకు డిపాజిట్లకి ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల దాకా డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉంటుంది. పత్‌సంస్థ బ్యాంకు కాదు కాబట్టి ఆ రక్షణ దానికి లేదు. రోజూ ఇంటికొచ్చి వంద తీసుకెళ్లే ఏజెంటు ఎంత మంచివాడైనా ఈ మాట మారదు.

మరి డబ్బు ఎక్కడిది? అన్నీ పోను మీ దగ్గర నెలకి 5,300 మిగులుతోంది. అందులో 3,000తో ఈ జూలై జీతం పడగానే బ్యాంకులో ఆరు నెలల ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) తెరవండి. పోస్టాఫీసు ఆర్‌డీ ఐదేళ్లది, దీనికి పనికిరాదు. జనవరికి 18,000, పైన కొంచెం వడ్డీ. జనవరి జీతంలో ఇంకో 3,000. దీపావళికి వస్తుందన్న 8,000 బోనస్ అచ్చంగా బూట్లకి, బట్టలకి. ఇప్పటికి 29,000. మిగతా 6,800 డిసెంబరు భిశీ నుంచి తీయండి. సెలవుల కోత 3,700 కూడా అందులోంచే పోనివ్వండి. ఇంకా 13,500 మిగులుతుంది. అది ఖర్చు పెట్టకండి, విడిగా సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి టికెట్ల డబ్బు డిసెంబరు మధ్యకి కావాలి. భిశీ పాట నెలాఖరున ఉంటే, టికెట్ల 4,400 బోనస్‌లోంచి వాడి, బూట్లు భిశీ అందిన రోజే కొనండి.

ఆ అదనపు రోజు, అదనపు 4,000 ఎందుకంటే, కొన్నేళ్ల క్రితం నేను అవి లేకుండానే వెళ్లాను. తిరుగు ప్రయాణం నాడు రాత్రంతా మంచు కురిసి రోడ్డు మూసుకుపోయింది. రెండు రోజులు సాంక్రీలో ఆగిపోయాం. గదికి డబ్బు కట్టాలి, చేతిలో నోట్లు లేవు, ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఢిల్లీలో రైలు నన్ను వదిలి వెళ్లిపోయింది. తోటి ప్రయాణికుడి దగ్గర అప్పు చేసి, తత్కాల్ టికెట్ మీద ఇల్లు చేరాను. ఆ రెండు రోజుల టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. మీరు దారిలో పురోలాలోనే నగదు తీసుకోండి, సాంక్రీలో దొరుకుతుందని అనుకోవద్దు.

ఇన్సూరెన్స్ గురించి మీరు అడగలేదు, కానీ చెప్పాలి. మామూలు హెల్త్ పాలసీల్లో సాహస క్రీడల మినహాయింపు ఉంటుంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక పదజాలంలో అది ప్రొఫెషనల్‌గా పాల్గొనేవాళ్లకే వర్తిస్తుంది. మీలా సరదాకి వెళ్లేవాళ్లు జారిపడి ఆసుపత్రిలో చేరితే సాధారణంగా పాలసీ పనికొస్తుంది. కానీ కొండ మీంచి స్ట్రెచర్ మీద కిందికి దింపే ఖర్చు దానిలోకి రాదు. ఆ ఖర్చు ఎవరిదో ట్రెక్ కంపెనీని రాతపూర్వకంగా అడగండి. మంచు ఎక్కువై వాళ్లే ట్రెక్ రద్దు చేస్తే డబ్బు తిరిగిస్తారా, వోచర్ ఇస్తారా అన్నదీ అడ్వాన్సు కట్టేముందే తేల్చుకోండి. వోచర్ అంటే మీరు మళ్లీ పదకొండు రోజుల సెలవు, మళ్లీ రైలు ఖర్చు పెట్టుకోవాలి.

ఎనిమిది వేల అడుగులు దాటాక ఎవరికైనా తలనొప్పి, వికారం రావచ్చు. జనవరిలో ఒకసారి డాక్టరుకి చూపించుకోండి. ల్యాబ్‌లో పనిచేస్తున్నారు కాబట్టి రక్త పరీక్ష ఖర్చు మీకు కలిసొస్తుంది. సెలవు కాగితం మాత్రం నవంబరులోనే ఇచ్చేయండి, ఒప్పుకున్నట్టు సంతకం తీసుకున్నాకే టికెట్లు బుక్ చేయండి.