ఈసీఎం పోయిందన్నారు సరే, పరీక్షించారా?

ప్రశ్న: అయ్యా, మాది చిత్తూరు గ్రీమ్స్‌పేట. నాన్న కొన్న 2007 స్విఫ్ట్ పెట్రోలు బండి మాకుంది, ఆర్‌సీ రెన్యువల్ కూడా చేయించాం. పోయిన నెల తిరుమల వెళ్లొచ్చాక బానెట్ ఎత్తించి ఇంజన్‌ను కూడా ప్రెషర్ నీళ్లతో కడిగించాను. మరుసటి రోజు నుంచి సెల్ఫ్ బాగానే తిరుగుతోంది కానీ బండి స్టార్ట్ కావడం లేదు. తాళం ఆన్ చేస్తే మీటర్లో ఇంజన్ బొమ్మ దీపం వెలగడం లేదు. మెకానిక్ స్కానర్ పెట్టి చూసి, కనెక్ట్ కావడం లేదు కాబట్టి ఈసీఎం, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటరు పెట్టె, పోయినట్టే అన్నాడు. కొత్తది ముప్పై వేలు దాటుతుందట. చెన్నై పుదుపేట నుంచి పాతది ఏడు వేలకు తెచ్చి వేస్తానంటున్నాడు. తెప్పించమంటారా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఇప్పుడే డబ్బు చేతికివ్వొద్దు నాయనా.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా పనికొచ్చే ముక్క ఆ దీపం సంగతి. తాళం ఆన్ చేయగానే అది వెలగాలి, ఇంజన్ స్టార్టయ్యాక ఆరాలి. అసలే వెలగలేదంటే ఈసీఎంకు కరెంటైనా అందడం లేదు, ఎర్త్ అయినా అందడం లేదు, లేదంటే అది నిజంగానే పోయింది. మీ మెకానిక్ మొదటి రెండూ వదిలేసి మూడోదాని మీదికి దూకాడు. స్కానర్ కనెక్ట్ కాకపోవడం సాక్ష్యం కాదు. కరెంటు అందని పెట్టె స్కానర్‌కు ఏం బదులిస్తుంది?

ముందు బ్యాటరీ. బండి ఆపి ఉన్నప్పుడు 12.4 వోల్టులకు తగ్గకూడదు. తర్వాత ఫ్యూజులు. పైకి తీసి కంటితో చూసి ‘బాగుంది’ అనడం కాదు, టెస్ట్ ల్యాంపు ఫ్యూజుకు రెండు వైపులా వెలగాలి. ఆ తర్వాత మెయిన్ రిలే, అంటే ఈసీఎంకు కరెంటు కలిపే స్విచ్చు. తాళం ఆన్ చేస్తే టిక్కుమనాలి. టిక్కుమన్నంత మాత్రాన నమ్మనూ కూడదు, లోపల కాంటాక్టు మాడి ఉన్నా ఆ చప్పుడు వస్తుంది.

అసలు పరీక్ష ఈసీఎం కనెక్టరు దగ్గరుంది. రేణిగుంట రోడ్డులో మా షాపులో బ్రేకు లైటుకు వాడే 21 వాట్ల బల్బు ఒకటి, హోల్డరుకు రెండు వైర్లు కట్టి పెట్టుకున్నాం. తాళం ఆపి కనెక్టరు ఊడదీసి, వైరింగు వైపున్న ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ ప్లస్‌కూ మధ్య ఆ బల్బు పెడతాం. నిండుగా వెలిగితే ఎర్త్ బాగున్నట్టు. ఎర్రగా మిణుకుమంటే ఇంజన్ మీద ఆ వైరు బిగించిన బోల్టు దగ్గరికి వెళ్లి చూడాలి. బ్యాటరీ నుంచి కరెంటొచ్చే పిన్నును కూడా ఇలాగే బల్బు రెండో కొస మైనస్‌కు పెట్టి చూస్తాం. మల్టీమీటరు ఉండగా ఇదంతా ఎందుకంటారా? వైరులో ఒక్క పోగు మిగిలినా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, బల్బు పెడితే గుట్టు బయటపడుతుంది. అయితే సెన్సారు వైర్ల మీద మాత్రం ఈ బల్బు పెట్టకండి. పిన్నులోకి లావు సూది గుచ్చనివ్వకండి, అది వదులైతే కొత్త జబ్బు మొదలవుతుంది.

మీరు నీళ్లు కొట్టించారు కాబట్టి ఆ కనెక్టర్లో పచ్చగా చిలుము పట్టిందేమో వెలుతురులో చూడమనండి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరబెడితే లేచి కూర్చున్న బండ్లు ఎన్నో. ఇంకో మెలిక ఉంది. ఈసీఎం తన సెన్సార్లకు 5 వోల్టులు పంపుతుంది. ఒక్క సెన్సారు లోపల షార్టయినా ఆ 5 వోల్టులు కుప్పకూలి, కొన్ని బండ్లలో ఈసీఎం మొత్తం చచ్చినట్టే కనిపిస్తుంది. ఒక్కో సెన్సారు ప్లగ్గు పీకుతూ చూస్తే, ఏది పీకినప్పుడు 5 వోల్టులు తిరిగొస్తాయో అదే దొంగ.

ఇన్ని చూశాక కూడా కరెంటు, ఎర్త్ సరిగ్గా ఉండి దీపం వెలగకపోతే, అప్పుడు ఈసీఎం మీద అనుమానపడొచ్చు. కానీ అది దానంతటది చావడం తక్కువ, ఏదో ఒకటి చంపుతుంది. షార్టయిన ఇగ్నిషన్ కాయిల్, నీళ్లు, బ్యాటరీ కేబుళ్లు తారుమారు చేసి కొట్టిన జంప్ స్టార్టు, 15 వోల్టులు దాటి చార్జింగ్ ఇచ్చే ఆల్టర్నేటర్, వీటిలో మీ బండిది ఏదో తేల్చకుండా ఇంకో పెట్టె బిగిస్తే అదీ అదే దారి పడుతుంది. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లలోనూ షార్టుందేమో ఓమ్స్‌లో కొలిపించండి. ఇలాంటి బండ్లలో మామూలుగా 12 నుంచి 16 మధ్య ఉండాలి.

ఇక పుదుపేట సరుకు. చెడ్డదని అనను, మేమూ తెప్పిస్తాం. అయితే పెట్టె మీది స్టిక్కరు నంబరు చివరి అక్షరం దాకా మీదానితో కలవాలి. చూపుకు ఒకేలా ఉంది, సాకెట్టూ సరిపోయిందంటే కుదరదు. మూత తీసి బోర్డు చూడనివ్వకపోతే కొనొద్దు. చెన్నై 2015 డిసెంబరులో మునిగింది, మన తిరుపతి 2021 నవంబరులో మునిగింది. నీళ్లలో నానిన బండ్ల పెట్టెలు బజారుకు రావా మరి! పైకి తళతళలాడుతున్నా, పిన్నుల మొదట్లో తెల్లటి పొడి కనిపిస్తే అది నీళ్లు తాగిందే.

నంబరు కలిసినా మీ తాళంచెవి దాన్ని ఒప్పుకోదు. మీ తాళంచెవిలో చిన్న చిప్పు ఉంటుంది, దాని కోడు ఇమ్మొబిలైజర్ పెట్టెకు (వేరే తాళంచెవితో బండి స్టార్ట్ కానివ్వని కాపలా పెట్టె) తెలుసు, ఈ పెట్టె కోడు ఈసీఎంకు తెలుసు. పరాయి బండి ఈసీఎం పెడితే సెల్ఫ్ తిరుగుతుంది, బండి స్టార్ట్ కాదు, లేదా స్టార్టయి క్షణాల్లో ఆగిపోతుంది. అంటే ఏడు వేలు పోసి మళ్లీ ఇదే ఉత్తరం నాకు రాస్తారు. కాబట్టి ఆ పాత బండి ఈసీఎం, ఇమ్మొబిలైజర్ పెట్టె, తాళంచెవి మూడూ కలిపి సెట్టుగా తీసుకోవాలి. లేదా మీ పాత ఈసీఎంలోని మెమరీ చిప్పు చదివి ఆ డేటాను కొత్తదానిలోకి ఎక్కించే మనిషిని పట్టుకోవాలి. అందుకే పాతది మెకానిక్‌కు వదిలేసి రాకండి, చచ్చిన పెట్టెలోనూ ఆ చిప్పు బతికే ఉండొచ్చు. షోరూములో కొత్తది వేయిస్తే వాళ్లే స్కానర్‌తో రిజిస్టర్ చేస్తారు. ఆర్‌సీ, ఉన్న తాళంచెవులన్నీ పట్టుకెళ్లండి.

బిగించేటప్పుడు బ్యాటరీ మైనస్ ముందు తీయాలి. స్టార్టయ్యాక కాసేపు ఐడిల్‌లో వదిలేయండి, ముందు ఏసీ లేకుండా, తర్వాత ఏసీ వేసి. మొదట్లో ఆర్‌పీఎం కాస్త ఊగుతుంది, కంగారు పడొద్దు.

ప్రశ్న: మాది 1992 మారుతి 800. ఎత్తు ఎక్కేటప్పుడు దగ్గినట్టు ఆగిపోతోంది. ఈసీఎం మార్చాలని ఒక మెకానిక్ అంటున్నారు. మంచి సెకండ్ హ్యాండ్‌ది ఎక్కడ దొరుకుతుంది?
– ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: ఎక్కడా దొరకదమ్మా. మీది కార్బురేటర్ బండి, అందులో ఈసీఎమ్మే లేదు. పెట్రోలు ఫిల్టరు మార్పించి, కార్బురేటర్ జెట్లు శుభ్రం చేయించండి, ఫ్యూయల్ పంపు కూడా చూపించండి. ఆ పని మాత్రం ఇంకొకరి చేత చేయించండి.