బ్రగ్మాన్షియా కొమ్మకి తెల్ల బొడిపెలొచ్చి ఆకులు రాలిపోతే కంగారు పడకండి, అది వేర్లు వేసే పనిలో ఉంది

మీరడిగినవి మూడు సంగతులు కదా. చలి మొదలయ్యే ముందు కోసిన బ్రగ్మాన్షియా (బాకాల్లా కిందికి వేలాడే పెద్ద పూల మొక్క) కొమ్మల్ని గ్లాసు నీళ్ళలో పెట్టారు, ఆకులన్నీ పసుపెక్కి రాలిపోయాయి, అడుగున కాండం మీద తెల్ల బొడిపెలు లేచాయి, అది కుళ్ళా కాదా అని ఒకటి. కుండీలోకి ఎప్పుడు మార్చాలి అని ఇంకోటి. మళ్ళీ వెచ్చబడే దాకా ఇంట్లో ఎలా బతికించాలి అనేది మూడోది. నేను ఏటా ఇదే పని చేస్తుంటా, ఎందుకంటే మనిషెత్తు పెరిగిన మొక్కని కుండీతో సహా లోపలికి మోసుకురావడం నా నడుము వల్ల కాదు, అందుకే కొమ్మలు కోసి పెట్టుకుంటా. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు బొడిపెలు. అవి మంచి గుర్తు. బెరడు మీద నూకగింజంత సైజులో, గట్టిగా, తెల్లగా నిలువు వరసల్లో లేస్తాయి, గోటితో తాకితే గరుకుగా తగులుతాయి కానీ ఊడిరావు, ఇంకొన్నాళ్ళు ఆగితే కొన్ని బొడిపెలు పగిలి లోపల్నించి సూదిమొనలా తెల్లటి వేరు బయటికొస్తుంది. కుళ్ళు అలా ఉండదండీ. కుళ్ళితే కొన దగ్గర గోధుమరంగో నలుపో తిరుగుతుంది, రెండు వేళ్ళతో నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది, బెరడు జారిపోయి చేతికొస్తుంది, నీళ్ళు కూడా వాసనేస్తాయి. మీరు బొడిపెలని రాశారు గానీ మెత్తబడిందని రాయలేదు కాబట్టి మీ కొమ్మ బానే ఉన్నట్టు లెక్క. అయినా అనుమానముంటే కాండం పైభాగంలో గోటితో చిన్న గీత గీకి చూడండి, లోపల పచ్చగా తడిగా ఉంటే బతికే ఉంది.

ఆకులు రాలిపోవడం గురించి అసలు బెంగే వద్దు. ఈ మొక్క ఆకు అరచేతికన్నా పెద్దది, గంటగంటకీ నీళ్ళు ఆవిరి చేస్తూనే ఉంటుంది, వేర్లే లేని కొమ్మ అంత నీళ్ళు పైకి ఎక్కడ పంపుతుంది చెప్పండి, అందుకని ఆకుల్ని తనే వదిలించుకుంటుంది. అందుకే నేను కోసిన రోజే పెద్దాకులన్నీ తీసేసి కొనన రెండు చిన్నాకులు ఉంచుతా, అవి కూడా పెద్దగా అనిపిస్తే అడ్డంగా సగానికి కత్తిరిస్తా. చూడ్డానికి మొండికట్టెలా ఉంటుంది, ఇంట్లోవాళ్ళు ఈ పుల్ల ఎందుకు దాస్తున్నావని అడుగుతారు కూడా, పట్టించుకోవద్దు.

ఒకవేళ కొన నిజంగానే కుళ్ళి ఉంటే పారెయ్యకుండా పైకి జరుగుతూ కత్తిరించండి, కోసిన మొహం శుభ్రంగా తెలుపూ పచ్చా కలిసి కనిపించే దాకా. మధ్యలో బెండు ఉంటుంది చూడండి, ఆ బెండులో గోధుమరంగు మచ్చ ఒక్కటి ఉన్నా ఇంకొంచెం పైకి కొయ్యాల్సిందే, ఎందుకంటే కుళ్ళు బయట బెరడు బాగున్నా లోపల బెండులోంచి పైకి పాకుతుంది. కోశాక రెండు మూడు గంటలు గాలికి ఆరనిచ్చి, కడిగిన సీసాలో కొత్త నీళ్ళు పోసి మళ్ళీ పెట్టండి. తలకిందులుగా మాత్రం పెట్టకండి, ఆకులన్నీ పోయాక ఏది పైనో ఏది కిందో తెలీక చాలామంది తికమక పడతారు. ఆకు రాలిన మచ్చ ఉంటుంది కదా, దానికి సరిగ్గా పైనే చిన్న మొగ్గ ఉంటుంది, ఆ మొగ్గ ఎటు ఉంటే అటు పైన.

ఇంకో ముఖ్యమైన మాట. నీళ్ళు తాగే గ్లాసులో పెట్టానన్నారు, దయచేసి ఇవాళే మార్చండి. ఇది మన ఉమ్మెత్తకి దగ్గర చుట్టం, ఆకు, పువ్వు, గింజ, వేరు, అన్నిట్లోనూ విషమే, స్కోపొలమైన్, అట్రోపిన్, హయోసయమైన్ అనే ఆల్కలాయిడ్లు ఉంటాయి. కళ్ళ డాక్టరు కంటిపాప పెద్దది చెయ్యడానికి వేసే చుక్కల్లో వాడే అట్రోపిన్ ఇదే. కొమ్మలు కోసిన చేత్తో కన్ను నలుపుకుంటే ఆ ఒక్క కంటిపాప పెద్దదైపోయి చూపు మసకబారుతుంది, కారణం తెలియనివాళ్ళు ఏదో నరాల జబ్బేమోనని హడలిపోతారు. చేతికి గ్లౌజులు వేసుకోండి, కత్తెర కడగండి, కొమ్మ పెట్టిన నీళ్ళు పారబోసి చేతులు సబ్బుతో కడుక్కోండి. చిన్నపిల్లలు గానీ, పెంపుడు పిల్లి గానీ కుక్క గానీ ఉన్న ఇల్లయితే తలుపేసుకునే గదిలోనే పెట్టాలి, వీలు కాకపోతే ఈ మొక్క జోలికి పోకపోవడమే మంచిది, ఈ విషయంలో మాత్రం నేను మొహమాటం లేకుండా చెప్తా.

నీళ్ళ సంగతి తేలిగ్గా చెప్పేస్తా. లోతు 5 సెంటీమీటర్లు చాలు, అడుగు కణుపు ఒకటో రెండో మునిగితే సరిపోతుంది, కాండం సగం దాకా ముంచితే ఆ ముంచిందంతా కుళ్ళడానికి చోటిచ్చినట్టే. రెండు మూడు రోజులకోసారి మార్చాలి. చలికాలం కుళాయి నీళ్ళు చల్లగా జివ్వుమంటాయి, అవి నేరుగా పోయకుండా గదిలో కాసేపు ఉంచి పోయండి. సీసా వెలుతురు చొరబడనిదైతే పాచి పట్టదు, గాజు సీసా అయితే చుట్టూ కాగితం చుట్టెయ్యండి. వేర్లు త్వరగా రావాలని మందు పొడి వేస్తారు కొందరు, నేను నీళ్ళలో పెట్టేవాటికి వెయ్యను, ఈ మొక్కకి దాని అవసరం లేదు, దానికి కావాల్సింది వెచ్చదనం.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. వెలుతురు కావాలని కిటికీ గట్టు మీద పెడతారు, పగలు బానే ఉంటుంది, రాత్రి అద్దం పక్కన గదికన్నా చాలా చల్లబడిపోతుంది, చల్లటి నీళ్ళలో కొమ్మ కదలకుండా కూర్చుంటుంది, వేరు రాదు, కుళ్ళు మాత్రం నిదానంగా వస్తుంది. ఆకుల్లేని కొమ్మకి వెలుతురుతో పెద్దగా పని లేదండీ, గది లోపలికి జరపండి. అడుగున 21 నించి 24 డిగ్రీల మధ్య ఉంటే చక్కగా వేర్లు దిగుతాయి, మొలకల కోసం అమ్మే హీట్ మ్యాట్ ఉంటే మంచిది, లేకపోతే గదిలో ఎక్కువ వెచ్చగా ఉండే మూల వెతకండి, కానీ హీటరు మీద నేరుగా పెట్టకండి, నీళ్ళు వేడెక్కితే ఇంకో రకంగా చస్తుంది. వెచ్చగా ఉంటే వారం పది రోజుల్లో బొడిపెలు, మూడు నాలుగు వారాల్లో వేర్లు రావడం మామూలు. చల్లటి ఇంట్లో నెలల తరబడి ఊరికే కూర్చునేవీ ఉంటాయి, గట్టిగా పచ్చగా ఉన్నంత కాలం వాటిని పారెయ్యక్కర్లేదు.

కొమ్మ ఎంపిక గురించి మీరడగలేదు గానీ వచ్చే ఏడాదికి పనికొస్తుంది. పెన్సిల్‌కన్నా లావుగా, బెరడు కాస్త బూడిదరంగు తిరిగి ముదిరినవి తీసుకోండి, జానెడు పొడుగు, మూడు నాలుగు కణుపులు. లేత పచ్చకొనలు నీళ్ళలో త్వరగా మెత్తబడతాయి. ఇంకో సంగతి, ఈ మొక్క మొదట ఒకే కాండంగా నిటారుగా పెరుగుతుంది, కొంత ఎత్తుకెళ్ళాక పంగలా రెండుగా చీలుతుంది, పూలు ఆ పంగ నించి పైనే పూస్తాయి. పంగకి పైన కోసిన కొమ్మకి ఆ పూసే గుణం ఉండిపోతుంది, పొట్టిగా ఉన్నప్పుడే త్వరగా పూస్తుంది. కింద కోసింది మళ్ళీ మొదట్నించీ ఎత్తు పెరిగి, చీలి, ఆ తర్వాతే పూయాలి. పంగ ఎక్కడుందో తెలీకుండా ఎవరో ఇచ్చిన కొమ్మయితే ఆకు తొడిమ దగ్గర చూడండి, ఆకు రెండు సగాలూ తొడిమ మీద ఒకే చోట కలవకుండా ఒకటి పైకీ ఒకటి కిందకీ ఉంటే అది పూసే భాగంలోదే. కింది భాగంలో ఆకు మొదలు రెండువైపులా సమానంగా ఉంటుంది. చెట్టులా పొడుగు కాండంతో పెంచాలనుకునేవాళ్ళు కావాలనే కింది కొమ్మ తీసుకుంటారు, అది వేరే లెక్క.

సరే, కుండీ. వేర్లు 2, 3 సెంటీమీటర్లు వచ్చాక మార్చెయ్యండి, అందంగా ఉన్నాయని సీసా నిండే దాకా ఉంచొద్దు. నీళ్ళలో పుట్టిన వేరు పెళుసు, పొడుగయ్యే కొద్దీ చుట్టుకుపోయి, విడదీస్తే పుటుక్కున విరుగుతుంది. 10 సెంటీమీటర్ల కుండీ చాలు, అడుగున బెజ్జాలుండాలి. పెద్ద కుండీలో పెడితే వేర్లు తాగని తడిమట్టి చుట్టూ మిగిలిపోతుంది, చలికాలం అది ఆరదు, కింద నించి కుళ్ళు మొదలవుతుంది. తోట మట్టి వద్దు, బరువు, పైగా అందులో పురుగూ బూజూ ఉంటాయి. కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి) సగం, పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) సగం కలిపి తడిపి, గట్టిగా పిండితే చుక్క రాలీరానట్టు ఉండాలి. కొమ్మని ఒక చేత్తో కుండీ మధ్యలో వేలాడదీసినట్టు పట్టుకుని రెండో చేత్తో చుట్టూ మెల్లగా పోయండి, బొటనవేలితో అదమకండి, అలా అదిమినప్పుడే వేర్లన్నీ తెగేది. కుండీని బల్ల మీద రెండుసార్లు తట్టి, గోరువెచ్చటి నీళ్ళు పోస్తే అదే సర్దుకుంటుంది. కొమ్మ ఊగకుండా పక్కన పుల్ల కట్టండి.

నా అనుభవంలో వేర్లు రప్పించడం కష్టం కాదు, కుండీలోకి మార్చాక నెలరోజులే గండం. మొదటి పది రోజులు ఆ వేర్లకి నీళ్ళ అలవాటు కాబట్టి మట్టి పూర్తిగా ఎండనివ్వకూడదు, ఆ తర్వాత పైన ఒక అంగుళం ఆరాకే పోయాలి. వేసవిలో ఈ మొక్క రోజుకి రెండు పూటలా నీళ్ళు తాగేస్తుంది, ఆ గుర్తుతో చలికాలం కూడా పోసేవాళ్ళే ఎక్కువ చంపుకుంటారు. వేలు పెట్టి చూసే కన్నా కుండీ ఎత్తి చూడండి, తడిసినప్పటి బరువు చేతికి గుర్తుంటుంది, తేలిగ్గా అనిపించినప్పుడే పోయండి. పైన ప్లాస్టిక్ కవరు కప్పమని చాలామంది చెప్తారు, ఆకుల్లేని కొమ్మకి అది అనవసరం, గాలాడక బూడిదరంగు బూజు పడుతుంది. ఎరువు అసలొద్దు, కొత్త ఆకులు నాలుగైదు విచ్చుకున్నాక డబ్బా మీద రాసినదాంట్లో పావు వంతు మోతాదు కలిపి నెలకోసారి ఇస్తే చాలు.

చిగుళ్ళు కనిపించాక మాత్రం వెలుతురు కావాలి. వెచ్చటి గది, మసక వెలుతురు, ఈ రెండూ కలిస్తే కాండం సన్నగా పాలిపోయి సాగిపోతుంది, తర్వాత ఎంత ఎండలో పెట్టినా ఆ సన్నతనం పోదు. మామూలు తెల్ల ఎల్ఈడీ ట్యూబ్ ఒక జానెడు పైన వేలాడదీసి టైమర్ పెట్టి రోజుకి 12 నించి 14 గంటలు వెలిగిస్తే సరిపోతుంది. వేర్లు కుదురుకున్నాయి అనిపించాక హీట్ మ్యాట్ తీసేసి మొక్కని కొంచెం చల్లగా, 12 నించి 16 డిగ్రీల మధ్య ఉండే గదికి మారుస్తా నేను, ఎదుగుదల నిదానిస్తుంది, పొట్టిగా గట్టిగా ఉంటుంది. చలికాలంలో బాగా పెరగాలని చూడొద్దు, చావకుండా ఉంటే చాలు.

పురుగుల్లో ఇంట్లో అసలు శత్రువు ఎర్రనల్లి. హీటరు గాలి పొడిగా ఉంటుంది కదా, దానికి అదే పండగ. ఆకు పైన ఇసుక చల్లినట్టు సన్నటి లేతచుక్కలు కనిపిస్తే వెంటనే ఆకు కింద తెల్ల కాగితం పెట్టి తట్టండి, రాలిన నలుసులు నడుస్తుంటే అవే. సాలెగూడు కనపడే దాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే. వారానికోసారి బాత్రూంలో షవర్ కింద ఆకుల అడుగువైపు కడగడం కన్నా మంచి మందు నాకు కనపడలేదు, కుండీ మీద కవరు కట్టి కడగండి, లేకపోతే మట్టి తడిసిపోతుంది. మరీ ఎక్కువైతే వేపనూనె సబ్బునీళ్ళు, అదీ లైటు ఆపేసిన తర్వాత. మట్టి మీద ఎగిరే సన్న నల్లదోమలు వస్తున్నాయంటే నీళ్ళు ఎక్కువ పోస్తున్నారని అర్థం, వాటికి వేరే మందక్కర్లేదు, మట్టి ఆరనివ్వండి.

ఇంత శ్రమ ఎందుకని కొందరంటారు. బ్రగ్మాన్షియా జాతులన్నిటినీ ఐయూసీఎన్ (అంతరించిపోయే జీవుల జాబితా తయారుచేసే అంతర్జాతీయ సంస్థ) వాళ్ళు అడవిలో అంతరించినవాటి కిందే లెక్కేశారండీ, దక్షిణ అమెరికాలో వీటి పుట్టింట్లో కూడా ఇప్పుడు మనుషులు నాటినవీ వాటి సంతతీ తప్ప అసలు అడవి మొక్క లేదు. ఇప్పుడు ఇళ్ళల్లో ఉన్నవి చాలావరకు ఇలా కొమ్మ చేతులు మారుతూ వచ్చినవే. మీ దగ్గర వేరు పట్టినవి ఎక్కువైతే ఎవరికైనా ఇవ్వండి, విషం సంగతి చెప్పి మరీ ఇవ్వండి.

బయటికి పెట్టడానికి తొందరపడొద్దు. మంచు పడే రాత్రులు పూర్తిగా అయిపోవాలి, రాత్రి 10 డిగ్రీల కిందకి పోకుండా ఉన్నాకే మొదలెట్టండి. మొదటి మూడు నాలుగు రోజులు నీడలో గంటా రెండు గంటలు, తర్వాత పొద్దుటి ఎండ, అలా వారం పది రోజులు. ఇంటి వెలుతురుకి అలవాటైన ఆకు నేరుగా మధ్యాహ్నం ఎండ తగిలితే ఒక్కపూటలో తెల్లగా మాడిపోతుంది, మాడినా కాండం బతికుంటే కొత్తాకు వేస్తుంది లెండి. గాలి ఎక్కువ కొట్టే చోట పెట్టకండి, ఆకులు చిరిగిపోతాయి. వేర్లు బెజ్జాల్లోంచి బయటికి కనిపించినప్పుడు రెండింతల కుండీకి మార్చండి, అది కూడా నిండాక ఇంకా పెద్దదానికి. ఎరువు మొహమాటం లేకుండా ఇవ్వడం అప్పట్నించి.