మీ తాత తుపాకీ గురించి

మహారాణిపేట,
విశాఖపట్నం

చిరంజీవికి,

కథ అందింది. అనంతగిరి మంచు బాగానే రాశావు. కానీ మూడో పేజీలో మీ తాత 28 బోరు (సన్న గొట్టం) తుపాకీ ఎత్తి, నాలుగడుగుల్లో లేచిన పూరేడుని అప్పటికప్పుడే ఫుల్ చోక్‌తో కొట్టాడు. తర్వాతి పేరాలో నాయనమ్మ దాన్ని ఇగురు పెట్టింది. ఇగురు పెట్టడానికి ఏం మిగిలిందయ్యా? నాలుగు ఈకలు, వాటితోపాటు మాంసంలోకి దిగబడిన సీసం గుళ్లు!

చోక్ అంటే గొట్టం మూతి దగ్గర చేసే కాస్త ఇరుకు. అది గుళ్లని పెంచదు, త్వరగా చెదిరిపోకుండా చూస్తుందంతే. 20 గజాల దగ్గర, అన్నిటికన్నా బిగువైన ఫుల్ చోక్ గుళ్లు సుమారు 16 అంగుళాల మేర పడతాయి. ఇరుకు లేని సిలిండర్ గొట్టమైతే దానికి రెట్టింపు. 28 బోరులో మందు తక్కువ, గుళ్లు ముప్పావు ఔన్సే, అందుకని బిగువు చోక్ కావాలంటారు చాలామంది. నేనొప్పుకోను. చోక్‌ని తేల్చాల్సింది పిట్ట లేచే దూరం. పూరేడు తొక్కబోయేదాకా లేవదు. దానికి ఇంప్రూవ్డ్ సిలిండర్, అంటే పిసరంత ఇరుకున్న గొట్టం చాలు. అంతకన్నా సన్న గొట్టం ఉన్న .410 తుపాకీ సంగతే వేరు. చిన్న తూటాలో అర ఔన్సే కాబట్టి పాతిక గజాలు దాటితే గుళ్ల మధ్య సందులు పడతాయి. దానికి కొంచెం బిగువు తప్పదు.

ఇదంతా నాకు పుస్తకాల్లో దొరకలేదు. కుర్రతనంలో వన్‌టౌన్‌లో తుపాకులు బాగుచేసే మేస్త్రీ దగ్గర కూర్చునేవాణ్ణి. ఊరి బయట తడికకి పాత కాగితాలు అతికించి, 40 గజాల నుంచి కాల్చి, 30 అంగుళాల గిరి గీసి చిల్లులు లెక్కపెట్టేవాడు. నూటికి 70 పడితే ఫుల్, 50 పడితే ఇంప్రూవ్డ్ సిలిండర్. ఆ చిల్లుల లెక్కంతా ఒక కథలో రాస్తే, ఓ వారపత్రిక ఎడిటరు మొత్తం కొట్టేసి, ఆ చోట వెన్నెల వర్ణన పెట్టించాడు. 'పాఠకులకి లెక్కలెందుకండీ' అన్నాడు. తర్వాతి ఆదివారం తడికకి ఆ పత్రికే అతికించాం. ఇప్పటి కథల్లోనూ అదే వెన్నెల. చేతిలో ఏముందో ఎవడూ చూడడు.

నీ కథలో తుపాకీ పాత జోడు గొట్టాలది. అందులో చోక్ విప్పి మార్చేది కాదు, గొట్టంలోనే ఉంటుంది. మామూలుగా కుడిది వదులు, ఎడమది బిగువు. ముందు ట్రిగ్గర్ కుడి గొట్టానికి, వెనకది ఎడమ దానికి. మీ తాత తొందరపడని మనిషని రెండు పేజీలు చెప్పావు. అవి తీసెయ్. పిట్ట లేచాక అతని వేలు ముందు ట్రిగ్గర్ మీద ఆగడం, అది 30 గజాలు దాటేసరికి వెనక్కి జరగడం రాయి.

కథాకాలం 1995 అన్నావు. వన్యప్రాణి రక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణతో వేట లైసెన్సులే పోయాయి. 1972లో ఆ చట్టం కూడా రాకముందుకి, 1960లకి జరుపు. లేకపోతే మీ తాతని పోలీసు స్టేషన్లో కూర్చోబెట్టాల్సి వస్తుంది.

కలంపేరు సంగతి తర్వాత చూద్దాం. తిరగరాసి పోస్టులో పంపు, ఫోనులో నాకు కళ్లు ఆనవు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు