రెబెకా ముందు పావుగంట

అమ్మాయీ,

నువ్వు పంపిన సాలార్‌జంగ్ మ్యూజియం వ్యాసం రెండుసార్లు చదివాను. ఒక్క పూటలో అన్ని గదులూ తిరిగి, కనబడ్డ ప్రతిదాని గురించీ రాశావు. నీ కాళ్లు నొప్పి పుట్టే ఉంటాయి. చదువుతుంటే నాకూ పుట్టాయి. 'అద్భుతం' అన్న మాట ఏడుసార్లు వచ్చింది, లెక్కపెట్టాను.

ముసుగు రెబెకా సంగతే చూడు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కాడనీ, మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడనీ రాశావు. అవి గైడూ చెబుతాడు. నువ్వేం చూశావు? ఈసారి వెళ్లినప్పుడు ఆమె ముందు పావుగంట నిలబడు. అక్కడ ముసుగు లేదు, ముసుగు కింద ముఖమూ లేదు. ఉన్నది ఒకటే పాలరాయి. ముడత ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగిపోవాలో ఆయనకు తెలుసు. మిగతా పనంతా మన కళ్లే చేసిపెడతాయి. మన తెలుగు బైబిల్లో ఆమె పేరు రిబ్కా. కాబోయే భర్త ఇస్సాకు దూరం నుంచి వస్తుంటే ముసుగు వేసుకుంటుంది. నాకైతే మన పెళ్లిళ్లలో అడ్డుతెర గుర్తొచ్చింది. నీకేం గుర్తొచ్చిందో నీ వ్యాసంలో వెతికాను, దొరకలేదు.

నేనేమీ తక్కువ తినలేదులే. నీ వయసులో అక్కడి జంట చెక్కబొమ్మ మీద రాసి ఒక పత్రికకు పంపాను. ముందు నుంచి చూస్తే తలెగరేసి నిలబడ్డ మెఫిస్టోఫిలీస్, అంటే జర్మన్ కథ 'ఫౌస్ట్'లోని సైతాను; వెనక అద్దంలో చూస్తే తలవంచుకున్న మార్గరెట్టా, అదే కథలోని అమాయకురాలు. రెండూ ఒకే దుంగలో చెక్కినవి. ఇంకేం, మంచీ చెడూ అంటూ పేజీన్నర తత్వం దంచాను. వ్యాసం తిరిగొచ్చింది. తర్వాత ఒక స్నేహితుడు "ఆ అమ్మాయి చేతిలో ఏముంది?" అని అడిగితే నోరు పెగల్లేదు. ప్రార్థన పుస్తకం అట! అద్దంలో అంతసేపు చూసి, అదొక్కటీ చూడలేదు.

గడియారం దగ్గర రాసిన నాలుగు వాక్యాలు మాత్రం ఎవరు చెప్పినా కొట్టేయకు. లోపలి నుంచి బొమ్మ మనిషి వచ్చి గంట కొట్టడం కోసం జనమంతా ఫోన్లెత్తి నిలబడితే, తాత భుజాలెక్కిన పిల్లాడు వాణ్ని వదిలేసి, పక్కన సెకనుకో దెబ్బ వేసే కమ్మరి బొమ్మనే చూస్తున్నాడని రాశావు. "వాడికి సెలవు లేదా తాతా?" అన్నాడని కూడా. నువ్వు అక్కడే ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది! వెంటనే జేడ్ గదిలోకి పరిగెత్తావు.

ఆ పిల్లాడితో మొదలుపెట్టి మళ్లీ రాయి. రెబెకా వస్తే రానీ, లేకపోతే లేదు. రెండు పేజీలు దాటనివ్వకు. అన్నట్టు శుక్రవారం మ్యూజియానికి సెలవు, చూసుకుని వెళ్లు.