వాళ్లదీ హామీ, నాదీ హామీయేనా?

సందేహం: చెన్నైలో విదేశీ కంపెనీల ఒప్పందాలు చూసే లాయరుని. శ్రీసిటీలో ఫ్యాక్టరీ ఉన్న నెల్లూరు క్లయింటు ఒకాయన తన వాటాలు అమ్ముతున్నారు. కొనేది ఒక జపాన్ కంపెనీకి చెందిన సింగపూర్ సంస్థ. అది డబ్బు కట్టకపోతే తాను కడతానని జపాన్ కంపెనీ గ్యారంటీ ఇస్తోంది. పాత పన్ను బకాయిలు బయటపడితే ఆ నష్టానికి మా క్లయింటు ఇండెమ్నిటీ (కొన్నవాళ్లకొచ్చే నష్టం తాను భరిస్తానన్న మాట) ఇవ్వాలి. నేను రెండింటినీ 'హామీ' అన్నాను. 'వాళ్లూ హామీ, నేనూ హామీ, చెల్లుకి చెల్లేగా అమ్మా' అన్నారాయన. ఏమనాలి?
– ఒక న్యాయవాది, నుంగంబాక్కం

సమాధానం: ఆయన తప్పేం లేదమ్మా, మాటే అలా ఉంది. హామీ ఈమధ్య బాగా పలచబడింది. ఎన్నికల్లో ఇచ్చేదీ హామీయే, 2005 చట్టంతో ఊళ్లలోకి వచ్చిన 'ఉపాధి హామీ'లోదీ హామీయే. రెండుచోట్లా ఇచ్చేవాడు తన మాటకి తానే కట్టుబడుతున్నాడు, మధ్యలో ఇంకొకడు లేడు.

గ్యారంటీ అలా కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 126వ సెక్షనులో ముగ్గురుంటారు: అప్పు ఇచ్చినవాడు, తీసుకున్నవాడు, వాడి తరఫున నిలబడినవాడు. ఈ మూడోవాడి కోసం తెలుగులో చక్కటి మాట ఉంది, పూచీ. 'వాడు కట్టకపోతే నాదీ పూచీ' అంటాం. హామీ ఇస్తారు, పూచీ పడతారు. ఆ 'పడటం'లోనే ఉంది బరువంతా. మా తోడల్లుడు చీటీ పాడుకున్నప్పుడు ష్యూరిటీ సంతకం పెట్టి, ఆయన ఎగ్గొట్టిన వాయిదాలు నేను కట్టుకున్నాక ఈ క్రియ నాకు బాగా బోధపడింది. అసలు బాకీదారు ఎంతకి బాధ్యుడో పూచీదారూ అంతకే బాధ్యుడని 128వ సెక్షను. బ్యాంకుల్లో 'హామీదారు' అనడమూ ఉంది, తప్పనను. కానీ మీ క్లయింటు దగ్గర పూచీ అనండి. పక్కన తమిళ గుమాస్తా ఉంటే మాత్రం కాస్త మెల్లగా. వాళ్లకి పూచ్చి అంటే పురుగు, గ్యారంటీని ఉత్తరవాదం అంటారు.

ఇండెమ్నిటీ దగ్గరే చిక్కు. చాలామంది 'నష్టపరిహారం' అని రాసేస్తున్నారు. అది ఒప్పందం తప్పినందుకు కట్టేది, 73వ సెక్షను సంగతి. ఇండెమ్నిటీ 124వ సెక్షనులోది, నష్టం రాకముందే ఇచ్చే మాట. వ్యవహారం ఇద్దరి మధ్యే. కాగితం మీద 'నష్టపూర్తి' అని రాస్తారు, రాసుకోనివ్వండి. ఎదురుగా కూర్చున్న మనిషికి నామవాచకం ఎందుకు? తెలుగులో నష్టాన్ని 'పూడుస్తాం'. గట్టుకి గండి పడితే మట్టి పోసి పూడ్చినట్టే. 'నష్టం పూడ్చే ఒప్పందం' అంటే నెల్లూరు రైతుబిడ్డకి ఇంకో వివరణ అక్కర్లేదు.

కనుక ఆయనతో ఇలా చెప్పి చూడండి: 'సింగపూరువాళ్లు డబ్బు కట్టకపోతే జపానువాళ్లది పూచీ. పాత బకాయిలు బయటపడి కొన్నవాళ్లకి నష్టమొస్తే మీరు పూడ్చాలి. వాళ్ల పూచీ మీకు రావలసిన డబ్బుకి, మీరు పూడ్చేది వాళ్లకొచ్చే నష్టాన్ని. చెల్లుకి చెల్లు కాదండీ.' ఇక ఈ ఒప్పందం ఏ దేశపు చట్టం కిందికి వస్తుంది, ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధనలు ఏమంటాయి అన్నది మీ పని, నాది కాదు.