ల్యాప్‌టాప్‌లో అంకె, బోర్డులో ప్రశ్నార్థకం

ప్రశ్న: ఆర్డుయినో ఊనో అనే చిన్న కంట్రోలర్ బోర్డుకి డీహెచ్‌టీ22 సెన్సర్ తగిలించాను. ఉష్ణోగ్రతను స్ప్రింట్‌ఎఫ్‌లో (విలువలను అక్షరాలుగా మార్చే సీ ఫంక్షన్) '%.1ఎఫ్' పెట్టి రాస్తే అంకె బదులు '?' వస్తోంది. అదే లైను ల్యాప్‌టాప్‌లో బాగానే నడుస్తోంది. స్ట్రింగ్ క్లాస్‌తో రాస్తే అంకె వస్తోంది గానీ, కొన్ని గంటలకు బోర్డు నిలిచిపోతోంది. తప్పు నా కోడ్‌దా, లైబ్రరీదా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, ఖమ్మం

జవాబు: సగం సగం. ఊనోలో ఫ్లాష్ (ప్రోగ్రామ్ నిలవుండే చోటు) 32 కిలోబైట్లు, ర్యామ్ 2 కిలోబైట్లే. అందుకే ఊనో చిప్‌కి వాడే సీ లైబ్రరీ ఏవీఆర్ లిబ్‌సీలో మామూలుగా లింక్ అయ్యే ప్రింట్‌ఎఫ్, స్ప్రింట్‌ఎఫ్‌లకి దశాంశాలు రావు. ఆ చోట '?' పెట్టి ఊరుకుంటుంది. ఎర్రర్ ఉండదు, వార్నింగ్ ఉండదు. లింకర్ ఫ్లాగులతో దశాంశాల వెర్షన్‌ను తెచ్చుకోవచ్చు గానీ, ఒక్క అంకె కోసం అంత ఫ్లాష్ ఖర్చు దండగ.

సులువైన దారి: డీహెచ్‌టీ22 లోపల ఎలాగూ పదో వంతుల్లోనే కొలుస్తుంది. విలువను 10తో గుణించి, రౌండ్ చేసి, పూర్ణసంఖ్యగా ఉంచుకోండి. 27.5 అంటే 275. 10తో భాగిస్తే 27, శేషం 5, మధ్యలో చుక్క. ఒక మెలిక ఉంది: మైనస్ 0.5 అంటే మైనస్ 5. దాన్ని 10తో భాగిస్తే సున్నా, మైనస్ గుర్తు ఎగిరిపోతుంది; పైగా శేషం మైనస్‌లో వస్తుంది. కాబట్టి గుర్తును ముందే విడిగా రాసి, ఆ తర్వాత మైనస్ తీసేసిన విలువతో లెక్క చేయండి. సీరియల్ మానిటర్‌కే అయితే ఇదంతా అక్కర్లేదు, సీరియల్ ప్రింట్‌కి రెండో ఆర్గ్యుమెంట్‌గా 1 ఇస్తే చాలు.

ఇక బోర్డు నిలిచిపోవడం. చాలావరకు హీప్ (ప్రోగ్రామ్ నడుస్తూ అడిగి తీసుకునే ర్యామ్) ముక్కలవడమే. స్ట్రింగ్‌కి ప్లస్ పెట్టినప్పుడల్లా కొత్త జాగా అడుగుతుంది, పాతది వదులుతుంది. మధ్యలో చిన్నచిన్న ఖాళీలు మిగిలిపోతాయి. మొత్తం కలిపితే 300 బైట్లు ఖాళీ ఉన్నా, వరసగా 60 దొరక్కపోవచ్చు. అప్పుడు ఆ కలపడం చడీచప్పుడు లేకుండా విఫలమవుతుంది. 24 బైట్ల క్యారెక్టర్ బఫర్ ఒకటి గ్లోబల్‌గా పెట్టుకుని, ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్‌తో ప్రతిసారీ దానిలోనే రాయండి. స్ట్రింగ్ వదల్లేకపోతే సెటప్‌లోనే రిజర్వ్ 40 అని పిలిచి, 40 బైట్ల జాగా ముందే తీసిపెట్టుకోండి. కోట్స్‌లో ప్రింట్ చేసే మాటలకు, వాటిని ఫ్లాష్‌లోనే ఉంచే ఎఫ్ మాక్రో తగిలించండి. లేకపోతే అవీ ర్యామ్‌లోకి వచ్చి కూర్చుంటాయి.

ప్రశ్న: పైథాన్ 3.13కి మారాక 'సీజీఐ అనే మాడ్యూల్ లేదు' అంటోంది. బయటి ప్యాకేజీ ఒక్కటీ వాడలేదే!
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అక్టోబర్ 2024లో వచ్చిన 3.13లో సీజీఐ (వెబ్ ఫారమ్ విలువలను చదివేది), క్రిప్ట్, టెల్‌నెట్‌లిబ్‌తో సహా 19 పాత మాడ్యూళ్లను స్టాండర్డ్ లైబ్రరీ నుంచి తీసేశారు. 3.11, 3.12లు హెచ్చరించాయి గానీ, డెప్రికేషన్ వార్నింగ్ (ముందుముందు తీసేస్తామన్న హెచ్చరిక) మామూలుగా మెయిన్ స్క్రిప్ట్‌లోనే కనిపిస్తుంది. ఇంపోర్ట్ వేరే ఫైల్‌లో ఉంటే మీకు తెలిసే దారి లేదు. తాత్కాలికంగా పిప్‌తో లెగసీ-సీజీఐ వేసుకుని, ఫారమ్ విలువలను అర్ల్‌లిబ్ పార్స్‌కి మార్చండి. ఫైల్ అప్‌లోడ్ ఉంటే అది సరిపోదు, మల్టీపార్ట్ ప్యాకేజీ కావాలి. ఇకపై వెర్షన్ మార్చే ముందు పాత దాన్నే, దాగిన హెచ్చరికలనూ చూపించే '-డబ్ల్యూ డీఫాల్ట్' ఫ్లాగ్‌తో ఒకసారి నడిపి చూడండి.