జీపులో వేరే బండి ఇంజన్, అడాప్టర్‌తో గేర్‌బాక్స్: చట్టం ఒప్పుకుంటుందా?

సందేహం: నాకు 1991 మోడల్ మహీంద్రా ఎం.ఎం.540 జీపు ఉంది. ఆర్‌సీలో 2112 సీసీ డీజిల్ అని ఉంది. ఇంజన్ బాగా అరిగిపోయింది. తుక్కుకొచ్చిన క్వాలిస్ బండి 2446 సీసీ ఇంజన్ చవగ్గా దొరుకుతుందని, అడాప్టర్ ప్లేటు (కొలతలు కలవని ఇంజన్‌ను, గేర్‌బాక్సును కలిపే పలక) చేయించి దానికి మా జీపు నాలుగు గేర్ల బాక్సునే బిగిస్తామని షెడ్డు మేస్త్రి అంటున్నారు. ఆర్‌సీలో ఇంజన్ నంబరు ఏజెంటు చూసుకుంటాడట. ఇది చట్టబద్ధమేనా? పాత ఇంజనే బాగు చేయించి, అయిదు గేర్ల బాక్సు ఒక్కటే వేయించుకుంటే ఇబ్బంది ఉంటుందా? ఇన్సూరెన్స్ మాటేమిటి? – ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ ప్రశ్నలో రెండు వేర్వేరు పనులున్నాయి. ఇంజన్ మార్పు ఒకటి, గేర్‌బాక్సు మార్పు మరొకటి. షెడ్డులో రెండూ ఒకే పనిలా కనిపించినా చట్టం దృష్టిలో వాటి బరువు ఒకటి కాదు. మేస్త్రి చెప్పిన పద్ధతిలో క్వాలిస్ ఇంజన్ ఎక్కించడం చట్టవిరుద్ధం. ఆ పనికి అడ్వాన్సు ఇవ్వకండి.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ఈ విషయాన్ని తేలుస్తుంది. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు ఆర్‌సీలోని వివరాలు తేడా వచ్చేలా ఏ యజమానీ వాహనాన్ని మార్చకూడదని ఆ సెక్షన్ చెబుతుంది. వాహన నిర్మాణంలో చేసిన మార్పు వల్ల దాని మౌలిక లక్షణమే మారిపోతే దాన్ని 'ఆల్టరేషన్' అంటారని అదే సెక్షన్ కింద వివరణ ఉంది. ఎం.ఎం.540ని మహీంద్రా 2446 సీసీ టయోటా ఇంజన్‌తో ఎన్నడూ తయారు చేయలేదు. కాబట్టి ఆ ఇంజన్ ఎక్కిన రోజే నంబరు, సీసీ, హార్స్ పవర్ మూడూ తయారీదారు వివరాలకు దూరమవుతాయి. అధికారి ఆ మార్పును ఆర్‌సీలో రాసినంత మాత్రాన అది చట్టబద్ధం కాదు. ఎందుకంటే అలా రాసే అధికారమే ఆయనకు లేదు.

2019 జనవరిలో సుప్రీంకోర్టు కె.జయచంద్ర కేసులో ఈ విషయాన్నే తేల్చింది. అది కేరళ నుంచి వచ్చిన కేసు. రాష్ట్ర నిబంధనల్లో మార్పులకు అనుమతి ఇచ్చే వీలు ఉంది కదా అని హైకోర్టు డివిజన్ బెంచ్ యజమానుల వైపు మొగ్గింది. నిబంధనలు ఏం చెప్పినా చట్టంలోని 52వ సెక్షన్‌దే పైచేయి అంటూ సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. అందువల్ల 'ఫలానా జిల్లాలో ఎక్కించి ఇస్తున్నారట' అన్న మాట మీకు కోర్టులో అక్కరకు రాదు.

ఈ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ వంటి వేరే ఇంధనానికి మారేందుకు, ఆమోదం పొందిన కిట్టును నిర్దేశించిన షరతుల ప్రకారం బిగించుకోవచ్చు. డీజిల్ ఇంజన్ తీసి మరో డీజిల్ ఇంజన్ పెట్టడం దీని కిందికి రాదు.

శిక్ష సంగతి 182-ఎ సెక్షన్‌లో ఉంది. 2019 సవరణతో ఈ సెక్షన్‌కు ఇప్పటి రూపం వచ్చింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 'ఒక్కో మార్పుకు' అన్న మాట గమనించండి. ఇంజన్ ఒక మార్పు. దాన్ని కూర్చోబెట్టడానికి చాసిస్ క్రాస్ మెంబరు (అడ్డ దూలం) కోస్తే అది ఇంకొకటి అవుతుంది. రిపేరు పని చేసేవారు కూడా చట్టంలోని 'డీలర్' నిర్వచనంలోకి వస్తారు కాబట్టి మీ మేస్త్రి కూడా పూర్తిగా బయటివాడు కాడు. వాహనం నడపడం ప్రమాదకరమని గానీ, చట్టం అడిగిన విధంగా లేదని గానీ తేలితే 53వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్‌ను సస్పెండ్ చేయవచ్చు. అయితే ముందు మీ వాదన వినాలి. ఉత్తర్వు అందిన 30 రోజుల్లోగా 57వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు.

ఇక ఏజెంటు. మీ జీపుకు 2006తోనే పదిహేనేళ్లు నిండాయి. అప్పటి నుంచి అయిదేళ్లకోసారి ఫారం 25తో రెన్యువల్ చేయించాలి. ఆ తనిఖీలో ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) బానెట్ ఎత్తి ఇంజన్ బ్లాకు మీది నంబరును ఆర్‌సీతో సరిచూస్తారు. ఏజెంటు క్వాలిస్ ఇంజన్ నంబరును 'అదే రకం ఇంజన్' అని రాయించి ఎక్కిస్తే, ఆర్‌సీలో సీసీ 2112 గానే ఉంటుంది, బ్లాకు మీద మాత్రం టయోటా ఇంజన్ నంబరు కనిపిస్తుంది. దొంగ బిల్లు పెట్టి ఆ పని చేయించారని తేలితే సంగతి మోటారు వాహనాల చట్టంతో ఆగదు. నకిలీ పత్రాన్ని అసలుదిగా వాడినందుకు భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్)లోని 340(2) సెక్షన్ వర్తిస్తుంది. దరఖాస్తు మీద సంతకం మీది కాబట్టి మొదటి ముద్దాయి మీరే అవుతారు.

ఇంజన్ మార్చుకునే సరైన దారి కూడా ఉంది. అదే తయారీదారు, అదే రకం, అదే సీసీ ఇంజన్ దొరికితే మార్చుకోవచ్చు. ముందుగా ఆర్టీఏ కార్యాలయంలో దరఖాస్తు పెట్టండి. ఒరిజినల్ ఆర్‌సీ, నడుస్తున్న ఇన్సూరెన్స్, కాలుష్య సర్టిఫికెట్, ఇంజన్ కొన్న బిల్లు జతచేయాలి. బండి మీద ఫైనాన్స్ ఉంటే వాళ్ల రాతపూర్వక అనుమతి కూడా కావాలి. ఎంవీఐ చూశాక కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కుతుంది. ముందస్తు అనుమతి లేకుండా మార్పు జరిగిపోయి ఉంటే 14 రోజుల్లోగా తెలియజేసి ఆర్‌సీ అందజేయాలని 52(3) చెబుతోంది. అలాగని ఈ ఉపసెక్షన్‌తో నిషిద్ధమైన మార్పు సక్రమం కాదు. చేయదగిన మార్పును కాగితం మీదికి తేవడానికే అది పనికొస్తుంది.

పాత ఇంజన్ కొనేటప్పుడు దాని పుట్టుపూర్వోత్తరాలు చూసుకోవాలి. ఇంజన్ తీసిన బండి ఆర్‌సీ నకలు, ఆ ఆర్‌సీ రద్దయినట్టు ఆధారం, అమ్మినవారి ఆధార్ నకలు తీసుకోండి. పోయిన బండ్ల వివరాలు జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) 'వాహన్ సమన్వయ్'లో చూడవచ్చు. దొంగ బండి ఇంజన్ అని తెలిసి గానీ, అలా నమ్మే కారణం ఉండి గానీ కొంటే బీఎన్‌ఎస్ 317(2) సెక్షన్ కింద మూడేళ్ల వరకు శిక్ష ఉంది. మార్కెట్ ధరలో సగానికే, బిల్లు లేకుండా వచ్చిందంటే 'నమ్మే కారణం' ఉందనే పోలీసులు వాదిస్తారు.

ఇప్పుడు గేర్‌బాక్సు. రిజిస్ట్రేషన్‌కు వాడే ఫారం 20 తీసి చూడండి. ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు, సిలిండర్లు, సీసీ, వీల్‌బేస్, సీట్లు, ఇంధనం, ఖాళీ బరువు, రంగు అన్నీ అడుగుతుంది. ఎన్ని గేర్లో, గేర్‌బాక్సు నంబరేమిటో అడగదు. కాబట్టి నాలుగు గేర్ల మాన్యువల్ బదులు అయిదు గేర్ల మాన్యువల్ పెడితే ఆర్‌సీలోని ఏ గడీ తప్పు కాదు. చాసిస్ కోయకుండా, బ్రేకులు, స్టీరింగ్ జోలికి పోకుండా, ఇంజన్ అదే ఉంచి చేసిన మార్పు 52వ సెక్షన్ నిషేధంలోకి రాదని గట్టిగా వాదించవచ్చు. అదే కంపెనీ మీ ఇంజన్ రకానికి బిగించిన బాక్సు అయితే ఆ వాదనకు ఇంకా బలం వస్తుంది. ఆటోమేటిక్ బండిని మాన్యువల్‌గా మార్చేవారికి మాత్రం ఈ వెసులుబాటు అంత సులువుగా దక్కదు. చాలా కొత్త బండ్ల ఆర్‌సీలో మోడల్ పేరులోనే ఆటోమేటిక్ అని తెలిపే ఏఎంటీ, ఏజీఎస్ వంటి అక్షరాలు ఉంటాయి. మాన్యువల్ పెట్టగానే ఆ పేరు అబద్ధమవుతుంది. పైగా ఆటోమేటిక్ కోసం ప్రోగ్రాం రాసిన ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్), మాన్యువల్ బాక్సు చూసి లింప్ మోడ్‌లోకి (శక్తి తగ్గించి నడిపే స్థితికి) పోతుంది. దానికి ప్రోగ్రాం మార్చడం ఇంకో మార్పు అవుతుంది.

మీ విషయంలో చట్టం కన్నా లేత్ పని నాణ్యతే ఎక్కువ ప్రమాదం తెచ్చిపెడుతుంది. చివరికి అది కూడా కోర్టు దాకానే పోతుంది. అడాప్టర్ ప్లేటు అవసరమైతే నాలుగు చోట్ల తప్పు జరుగుతుంది. మొదటిది సెంటరింగ్. బోల్టులు బిగింపుకే గానీ మధ్యకు తేవు. ఆ పని డోవెల్ పిన్నులు (రెండు భాగాలను కచ్చితంగా ఒకే చోట నిలిపే ఇనుప మేకులు) చేస్తాయి. ఫ్లైవీల్ మీద డయల్ గేజ్ బిగించి ఒక చుట్టు తిప్పితే, బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పే గంట ఆకారపు డొప్ప) మధ్య రంధ్రం అంచున ముల్లు మొత్తం 0.25 మి.మీ. మించి కదలకూడదు. మించితే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ అరుస్తుంది, గేరు దానంతటదే జారుతుంది, క్లచ్ ప్లేటు హబ్ పగులుతుంది. రెండోది లోతు. ప్లేటు ఎంత మందం ఉంటే గేర్‌బాక్సు అంత వెనక్కి జరుగుతుంది. ఇన్‌పుట్ షాఫ్ట్ మొన పైలట్ బేరింగ్‌లోకి (ఆ మొనను ఇంజన్ వైపు పట్టి ఉంచే చిన్న బేరింగ్) పూర్తిగా చేరకపోతే మొన వేలాడి అరిగిపోతుంది. ఆ మందానికి తగ్గట్టు పొడుగు బుష్ చేయించాలి. మూడోది క్లచ్. ప్లేటు బయటి వ్యాసం ఇంజన్ వైపు ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేటుకు సరిపోవాలి. మధ్య స్ప్లైన్లు (షాఫ్ట్ మీద కూర్చునే గాడులు) మాత్రం కొత్త గేర్‌బాక్సు షాఫ్ట్‌కు కుదరాలి.

నాలుగోది ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే గేర్‌బాక్సు వైపు నుంచి ఇరుసుకు శక్తి తెచ్చే కడ్డీ. ప్రమాదం కేసుల్లో బయటపడేది ఇదే. మీ 4x4 జీపులో ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే పెట్టె) గేర్‌బాక్సు వెనకే బిగించి ఉంటుంది కాబట్టి బాక్సు పొడుగైతే అదీ వెనక్కి పోతుంది. వెనక షాఫ్ట్ పొట్టి చేయించాలి, ముందుది పొడుగు చేయించాలి. కోసి అతికాక బ్యాలెన్సింగ్ చేయించకుండా బిగించకండి. క్రాస్ జాయింట్ (షాఫ్ట్ చివర ఉండే కీలు) కోణం మూడు డిగ్రీల లోపు ఉండాలి, రెండు చివర్ల కోణాలు సమానంగా ఉండాలి. సస్పెన్షన్ ఎత్తు పెంచిన జీపుల్లో ఇది సులువుగా దాటిపోతుంది. వేగంలో క్రాస్ తెగి షాఫ్ట్ ముందు కొన రోడ్డును పొడిస్తే బండి బోల్తా పడుతుంది. షాఫ్ట్ చుట్టూ ఒక ఇనుప రక్షణ పట్టీ పెట్టించండి. ఎవరైనా చనిపోతే బీఎన్‌ఎస్ 106(1) కింద అయిదేళ్ల వరకు శిక్ష పడే కేసు అవుతుంది. అప్పుడు ఎంవీఐ ఇచ్చే తనిఖీ నివేదికలో 'యాంత్రిక లోపం' అన్న గడి ఖాళీగా ఉండటం మీకు ఎంతో ముఖ్యం.

గేర్‌బాక్సు మౌంట్ కోసం చాసిస్ క్రాస్ మెంబరు కోయనివ్వకండి. ఉన్న రంధ్రాలకే బోల్టుతో బిగించే బ్రాకెట్ చేయించండి. చాసిస్ నంబరు కొట్టిన చోటు దగ్గర వెల్డింగ్ గానీ గ్రైండింగ్ గానీ అసలు వద్దు. అక్షరం చెరిగిందంటే రెన్యువల్ ఆగిపోతుంది, మీ మీద అనుమానం మొదలవుతుంది. స్పీడోమీటరు సరిగా చూపిస్తోందో లేదో కూడా చూడండి.

ఇన్సూరెన్స్ కంపెనీకి గేర్‌బాక్సు మార్పును ముందే రాతపూర్వకంగా తెలపండి. ఈమెయిల్ పంపినా చాలు, జవాబు దాచుకోండి. చెప్పకుండా మార్చి ప్రమాదం జరిగితే మీ సొంత నష్టం క్లెయిము నిరాకరించడానికి సర్వేయర్‌కు కారణం దొరుకుతుంది. థర్డ్ పార్టీ కేసులో ట్రిబ్యునల్ సాధారణంగా బాధితుడికి కంపెనీ చేతే ఇప్పించి, కొన్ని సందర్భాల్లో ఆ మొత్తాన్ని యజమాని నుంచి రాబట్టుకోమంటుంది. ముఖ్యమైన సంగతి దాచి పాలసీ తీసుకున్నారన్నది కంపెనీకి 150వ సెక్షన్ ఇచ్చిన వాదనల్లో ఒకటి. కాలుష్య సర్టిఫికెట్ ఉంది కదా అనుకోవద్దు. ఆ పరీక్షలో చూసేది పొగ సాంద్రతే. మీ కాలపు డీజిల్ బండికి 65 హెచ్‌ఎస్‌యూ (పొగ సాంద్రతను కొలిచే యూనిట్లు) లోపు ఉంటే సర్టిఫికెట్ వస్తుంది, ఇంజన్ ఎవరిదైనా సరే.

'పొలంలోనే, ఆఫ్‌రోడ్ పోటీల్లోనే తిప్పుతాను, రోడ్డెక్కను' అని కొందరు అంటారు. రిజిస్ట్రేషన్ లేని బండిని నడపకూడదనే 39వ సెక్షన్ బహిరంగ ప్రదేశంతో ఆగదు, 'మరే ఇతర ప్రదేశంలోనైనా' అని కూడా చెబుతోంది. పోటీల్లో జరిగిన నష్టాన్ని మామూలు పాలసీ భరించదు.

కాబట్టి మీరు చేయవలసింది: ఉన్న ఇంజన్‌ను రీబోర్ చేయించండి, లేదా అదే రకం ఇంజన్‌కు అనుమతి తీసుకోండి. పాత బ్లాకును కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కేదాకా తుక్కుకు వేయకండి. దరఖాస్తు తిరస్కరిస్తే బండిని మళ్లీ పాత స్థితికి తేవడానికి అదొక్కటే ఆధారం. గేర్‌బాక్సు పనికి షెడ్డు నుంచి జీఎస్టీ బిల్లు తీసుకోండి. అందులో బాక్సు తయారీదారు, దాని మీది నంబరు, ఏ మోడల్ బండిదో, షాఫ్టులు ఎంత పొడవు మార్చారో, బ్యాలెన్సింగ్ చేసిన తేదీ, 'చాసిస్ కోయలేదు, వెల్డింగ్ చేయలేదు' అన్న వాక్యం రాయించి సంతకం, స్టాంపు వేయించండి. పనికి ముందు, తర్వాత చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, క్రాస్ మెంబరు స్పష్టంగా కనిపించేలా ఫొటోలు తీసి ఆ బిల్లుతో కలిపి ఉంచండి.